పసిబిడ్డ పోతే తల్లిని తప్పుపట్టే ముందు జాన్స్‌టౌన్ లెక్క చూడండి

సంపాదకుల గారికి నమస్కారం.

ఇటీవల మీ పత్రికలో శిశు మరణాలపై వచ్చిన వ్యాసం చదివాం. ఏడాది నిండకుండానే పోతున్న బిడ్డల గురించి అంత చోటిచ్చి రాసినందుకు సంతోషం. అయితే కారణాల దగ్గరికి వచ్చేసరికి వ్యాసకర్త "తల్లుల్లో అవగాహన లేకపోవడం" అన్న ఒక్క మాటతో సరిపెట్టేశారు. నూట పదేళ్ల కిందట అమెరికాలోనూ చాలామంది చదువుకున్నవాళ్లు ఇదే మాట అనేవారు. అందులో నిజమెంతో జాన్స్‌టౌన్ అనే ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి తేల్చాలని పట్టుబట్టిన మనిషి అమెరికా సంఘసేవిక జూలియా లాత్రప్. మన సోషల్ వర్క్ తరగతుల్లో ఆమె తోటి సంఘసేవిక జేన్ ఆడమ్స్ పేరు వినపడినంతగా ఆమె పేరు వినపడదు. ఆ వ్యాసానికి జవాబు ఆమె పనిలోనే ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం.

లాత్రప్ 1858 జూన్ 29న ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి వకీలు, తల్లి ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పాటుపడిన మనిషి. 1880లో వాసర్ కాలేజీలో పట్టా పుచ్చుకుని, పదేళ్లపాటు తండ్రి ఆఫీసులోనే పనిచేస్తూ చట్టం చదువుకున్నారు. ఆ పదేళ్లూ వృథా పోలేదని తర్వాత ఆమె రాయించిన ప్రతి చట్టంలోనూ తెలుస్తుంది. 1890లో షికాగో వెళ్లి హల్ హౌస్‌లో చేరారు. వలస కార్మికుల పేటలో, వాళ్ల మధ్యే కాపురముంటూ పనిచేసే ఇల్లది. 1893లో బ్యాంకులు, ఫ్యాక్టరీలు మూతపడి జనం రోడ్డున పడ్డప్పుడు, హల్ హౌస్ చుట్టుపక్కల వీధుల్లో సాయం కోసం దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి విచారించే పని తీసుకున్నారు. అదే ఏడాది గవర్నర్ ఆమెను రాష్ట్ర ధర్మసంస్థల బోర్డులో నియమించారు. ఆ బోర్డులో కూర్చున్న మొదటి స్త్రీ ఆమే. జీతం లేని పదవి.

ఇల్లినాయ్‌లో 102 కౌంటీలున్నాయి. దిక్కులేనివాళ్ల కోసం వాటిలో నడిచే పేదల ఆశ్రమాలన్నీ ఆమె స్వయంగా చూసి వచ్చారు. ముసలివాళ్లు, మతి చలించినవాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, అనాథ పిల్లలు అంతా ఒకే కప్పు కింద ఉండేవారు. ఎవరి అవసరం ఏమిటో అడిగే నాథుడు లేడు. ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీ మనుషులకే ఆయా ఉద్యోగం నుంచి సూపరింటెండెంటు ఉద్యోగం దాకా పంచిపెట్టేవారు. దీనికి నిరసనగా 1901లో ఆమె రాజీనామా చేశారు. 1905లో మళ్లీ పిలిస్తే వెళ్లి 1909 దాకా పనిచేశారు.

ఆ పర్యటనల్లో ఆమె మనసును కలచివేసింది జైళ్లలో పిల్లలు. చిల్లర దొంగతనానికో, రైలు పట్టాల పక్కన బొగ్గు ఏరుకున్నందుకో పట్టుబడ్డ పిల్లవాడిని పెద్ద నేరస్థులతో కలిపి పడేసేవారు. లాత్రప్, షికాగోలోని మరో సంఘసేవిక లూసీ ఫ్లవర్ కలిసి షికాగో వకీళ్ల సంఘాన్ని ఒప్పించి బిల్లు తయారుచేయించారు. 1899 ఏప్రిల్‌లో చట్టమై, జూలై 1న అమల్లోకి వచ్చింది. ప్రపంచంలోనే మొదటిదని చెప్పుకునే బాలల కోర్టు అలా షికాగోలో మొదలైంది. పన్నెండేళ్లలోపు పిల్లల్ని జైల్లోగానీ పోలీస్ స్టేషన్‌లోగానీ పెట్టకూడదని చట్టం తేల్చి చెప్పింది. పిల్లవాడిని ఇంటికే పంపి, ప్రొబేషన్ ఆఫీసర్ వెళ్లి చూసి వస్తూ ఉండాలంది. అయితే ఆ ఆఫీసర్లకు ప్రభుత్వ ఖజానా నుంచి జీతం ఇవ్వకూడదని కూడా అదే చట్టంలో రాసి ఉంది! ప్రొబేషన్ ఆఫీసర్ లేకపోతే బాలల కోర్టు అంటే మామూలు కోర్టుకు ఇంకో బోర్డు తగిలించినట్టే. అందుకని మహిళా సంఘాలు చందాలు పోగుచేసి ఆ జీతాలు కట్టాయి. ఆ కమిటీకి మొదట్లో లాత్రపే సారథ్యం వహించారు. 1905లో గానీ ఆ ఖర్చు ప్రభుత్వం తలకెత్తుకోలేదు.

ఈ కోర్టుకూ లోపాలున్నాయి. తండ్రిలా తీర్పు చెప్పే జడ్జి ముందు వకీలు ఎందుకన్న ధీమాతో పిల్లల హక్కుల్ని పక్కన పెట్టేశారు. పెద్దవాడైతే 50 డాలర్ల జరిమానాతోనో రెండు నెలల జైలుతోనో పోయే తప్పుకు పదిహేనేళ్ల కుర్రవాడిని ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా నిర్బంధించవచ్చని తీర్పిస్తే, 1967లో గాల్ట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయాల్సి వచ్చింది. ఆ లోపాలు ఎన్ని ఉన్నా, పిల్లవాడు పెద్దవాడు కాడు, విచారణ వేరుగా జరగాలి అన్న మూలసూత్రం షికాగో నుంచి దేశదేశాలకు పాకింది. మన తెలుగు జిల్లాలు కూడా ఉన్న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో 1920లోనే బాలల చట్టం వచ్చింది. దేశంలో అలాంటి చట్టాల్లో అదే మొదటిది.

ఇక అసలు సంగతికి వస్తాం.

1912 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం చిల్డ్రన్స్ బ్యూరో పెట్టి లాత్రప్‌ను అధిపతిగా వేసింది. ఆ దేశంలో ఒక కేంద్ర ప్రభుత్వ శాఖకు పెద్దగా కూర్చున్న మొదటి స్త్రీ ఆమె. చేతిలో పెట్టింది పదిహేను మంది సిబ్బంది, ఏడాదికి 25,640 డాలర్లు. చట్టం అప్పగించిన పని మాత్రం కొండంత: శిశు మరణాలు, జననాల రేటు, అనాథాశ్రమాలు, బాలల కోర్టులు, పిల్లల పనులు, ప్రమాదాలు, జబ్బులు అన్నీ విచారించి నివేదించాలి. పైగా ఒక షరతు. ఇంటి యజమాని వద్దంటే బ్యూరో మనిషి ఆ గడప దాటకూడదు. అంత పెద్ద జాబితాలోంచి ఆమె ముందు ఒక్కటే ఎంచుకున్నారు, ఏడాదిలోపు బిడ్డల చావులు. ఉన్న డబ్బుతో ఒక చిన్న ఊరినైనా పూర్తిగా చూడవచ్చు. తేలిన నిజాన్ని ఎవరూ తోసిపుచ్చలేరు.

మొదటి అడ్డంకి జనన నమోదు. వెయ్యిమంది పుడితే ఎంతమంది పోయారో చెప్పాలంటే ముందు ఆ వెయ్యీ తెలియాలి. అప్పటి అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పుట్టిన బిడ్డ ఏ రిజిస్టరులోకీ ఎక్కేది కాదు. అందుకే నమోదు మెరుగ్గా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలో, జాన్స్‌టౌన్ అనే ఉక్కు ఫ్యాక్టరీ ఊరిని ఎంచుకున్నారు. 1889 మే 31న ఆనకట్ట తెగి 2,200 మందికి పైగా కొట్టుకుపోయిన ఊరది. ఆ వరదకు దేశమంతా కన్నీరు పెట్టుకుంది. అదే ఊళ్లో ఏటేటా పోతున్న పసివాళ్ల సంఖ్య మాత్రం ఎవరికీ తెలియదు.

1913 జనవరిలో పని మొదలైంది. లెక్కకు తీసుకున్నది 1911లో పుట్టిన బిడ్డల్ని. పాత ఏడాది ఎందుకంటే, డిసెంబరు ఆఖర్న పుట్టిన బిడ్డకు కూడా 1912 డిసెంబరుకు ఏడాది నిండి ఉండాలి. నిన్న పుట్టిన బిడ్డను లెక్కలో కలిపితే, ఆ బిడ్డ రేపు పోతే ఆ చావు లెక్కకు రాదు. మరణాల రేటు తక్కువగా కనబడుతుంది. శిశు మరణాల సర్వేల్లో ఇప్పటికీ ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

సర్వేకు వెళ్లినవాళ్లంతా ఆడవాళ్లే. పురుడు, చనుబాలు, పోయిన బిడ్డ సంగతులు ఏ తల్లీ మగ గుమాస్తాకు చెప్పదని లాత్రప్‌కు తెలుసు. చనిపోయిన బిడ్డల ఇళ్లకే కాదు, బతికిన బిడ్డల ఇళ్లకూ వెళ్లారు. రెండూ పక్కపక్కన పెడితేనే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. బిడ్డకు తల్లిపాలు ఎన్నాళ్లు పట్టారు, పోతపాలు ఎప్పుడు మొదలుపెట్టారు, కాన్పు డాక్టరు చేశారా మంత్రసాని చేసిందా, పురుడయ్యాక తల్లి ఎన్నో రోజున లేచి పనిలో పడింది, ఇంట్లో అద్దెకుండే మగవాళ్లకు కూడా వండిపెడుతోందా, నీళ్లు ఇంట్లోకి వస్తాయా బయటి నుంచి మోసుకొస్తారా, ఇల్లు చెమ్మగా ఉంటుందా, తండ్రి ఏడాది సంపాదన ఎంత అని అడిగి రాసుకున్నారు. బలవంతం లేదు, భయపెట్టడం లేదు. దాదాపు ఎవరూ వాళ్లని గుమ్మంలోంచి తిప్పి పంపలేదు.

మొత్తం 1,551 మంది బిడ్డల వివరాలు తేలాయి. కడుపులోనే పోయి పుట్టినవాళ్లను తీసేసి, ప్రాణంతో పుట్టినవాళ్ల మీదే రేటు కట్టారు. ఏడాదిలోపు పోయినవాళ్లు 196 మంది, అంటే వెయ్యికి 134. ఊరు మొత్తానికి ఇదే సంఖ్య చెప్పి ఊరుకుని ఉంటే ఆ నివేదిక బీరువాలో పడి ఉండేది. ఆమె దాన్ని వార్డుల వారీగా విడదీయించారు. ఫ్యాక్టరీ పక్కనే బీద కూలీలు ఉండే వుడ్‌వేల్‌లో వెయ్యికి 271. అన్నిటికంటే మెరుగైన వార్డుతో పోలిస్తే ఇది ఐదు రెట్ల పైమాటే. ఒకే ఊరు, అదే గాలి, అదే ఏడాది.

తర్వాత నీళ్లు. కుళాయి ఇంట్లోకే ఉన్న ఇళ్లలో రేటు వెయ్యికి సుమారు 118. బయటి నుంచి మోసుకొచ్చే ఇళ్లలో సుమారు 198. ఈ తేడా ఎందుకొస్తుందో చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఒక్క రోజు గడిపితే అర్థమవుతుంది. పాలసీసా కడగాలన్నా, తడిపిన గుడ్డలు ఉతకాలన్నా, పాలుపట్టే ముందు తల్లి చేతులు కడుక్కోవాలన్నా ప్రతిదానికీ నీళ్లే. బాలింత బయటికి నడిచి వెళ్లి బకెట్టు మోసుకొచ్చే ఇంట్లో ఆ నీళ్లు ముందు వంటకి, తాగడానికి పోతాయి. సీసా వంతు వచ్చేసరికి ఒకసారి తొలిపిన నీళ్లే మళ్లీ వాడతారు. "సీసా మరగబెట్టండి" అని ఆ తల్లికి ఎన్నిసార్లు చెప్పినా లాభమేముంది? ఆమెకు తెలియక కాదు, నీళ్లు లేక.

ఆఖరుగా సంపాదన. తండ్రి రాబడి ఏడాదికి 521 డాలర్లలోపు, అంటే వారానికి సుమారు 10 డాలర్లలోపు ఉన్న ఇళ్లలో వెయ్యికి 256 మంది బిడ్డలు పోయారు. 1,200 డాలర్లు, అంతకుమించి ఉన్న ఇళ్లలో 84 మంది. మూడు రెట్లు! తరువాత మాంచెస్టర్, బ్రాక్‌టన్, న్యూ బెడ్‌ఫర్డ్, వాటర్‌బరీ, బాల్టిమోర్ లాంటి ఇతర అమెరికా ఊళ్లలో చేసిన సర్వేల్లోనూ తండ్రి కూలి పెరిగేకొద్దీ బిడ్డల చావులు తగ్గాయి. తక్కువ కూలి ఉన్నచోటే చెమ్మ ఇల్లు, బయటి నీళ్లు, పురుటి మంచం మీంచి తొందరగా లేచిన తల్లి కూడా ఉంటాయి. కాబట్టి ఏది ఎంతవరకు కారణమో విడదీయడం అంత సులువు కాదు. తల్లిపాలు తాగిన బిడ్డ కంటే పోతపాల బిడ్డకే ప్రమాదం ఎక్కువన్న సంగతీ అదే సర్వేలో స్పష్టంగా తేలింది. తల్లికి నేర్పవలసినవి లేవని లాత్రప్ ఎన్నడూ అనలేదు. నేర్పడంతోనే సరిపోతుందనడం అబద్ధమని అంకెలతో చూపించారు.

జాన్స్‌టౌన్ పని నడుస్తుండగానే ఇంకో పని మొదలుపెట్టారు. ఊరూరా ఉన్న మహిళా సంఘాలకు ఖాళీ ఫారాలు పంపారు. మీ పేటలో కిందటేడు పుట్టిన బిడ్డల పేర్లు కొన్ని ఇల్లిల్లూ అడిగి రాసుకోండి, ఆ జాబితా పట్టుకెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో పోల్చండి, ఎందరి పేరు అక్కడ లేదో మాకు రాయండి అని. ఖర్చు లేని తనిఖీ ఇది. ఎవరింట్లో బిడ్డ పుట్టిందో వీధిలో ఆడవాళ్లకు తెలిసినంతగా ఏ గుమాస్తాకూ తెలియదు కదా. 1915లో పది రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ ప్రాంతంతో అధికారిక జనన నమోదు ప్రాంతం ఏర్పడింది. 1933కు దేశమంతా అందులోకి వచ్చింది. బాల కార్మికుల చట్టాలకు కూడా ఇదే ఆధారం. పిల్లవాడి వయసుకు రుజువు లేకపోతే పద్నాలుగేళ్లవాడని యజమాని ఎంత చెబితే అంత.

బ్యూరో అచ్చువేసి ఉచితంగా పంచిన పుస్తకాలు "గర్భిణి సంరక్షణ" 1913లో, "శిశు సంరక్షణ" 1914లో వచ్చాయి. వాటిలో అన్నీ నేటికి పనికొచ్చేవి కావు. గడియారం చూసి పాలివ్వమనీ, బిడ్డను ఊరికే ఎత్తుకుని ఆడించవద్దనీ చెప్పిన సలహాలు ఇప్పుడు చదివితే బాధ కలుగుతుంది. కానీ ఆ పుస్తకాలు చూసి తల్లులు వేలల్లో ఉత్తరాలు రాశారు. 1916లో వయోమింగ్ రాష్ట్రం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఆమెకు ముప్పై ఏడేళ్లు, మూడో కాన్పు. డాక్టరు 65 మైళ్ల దూరంలో ఉన్నాడు. భయంతో నిద్ర పట్టడం లేదని రాసింది. దేశ స్థాయి శాఖకు పెద్ద అయిన లాత్రప్ ఆ ఉత్తరానికి స్వయంగా జవాబు రాసి, ఆమెకు సాయం అందే ఏర్పాటు చేశారు.

ఆ ఒక్కరికి సాయం చేసి ఊరుకోలేదు. 1917లో డాక్టర్ గ్రేస్ మీగ్స్ చేత ప్రసూతి మరణాల నివేదిక రాయించారు. 1913 ఒక్క ఏడాదిలోనే కనీసం 15,000 మంది స్త్రీలు కాన్పు కారణాలతో పోయారనీ, 15 నుంచి 44 ఏళ్ల ఆడవాళ్లను కాన్పు కంటే ఎక్కువగా చంపుతున్నది క్షయ ఒక్కటేననీ అది బయటపెట్టింది. ఆ ఏడాదే పల్లెల్లో తల్లీబిడ్డల కోసం నర్సులు, కేంద్రాలు పెట్టే పథకం సిద్ధం చేశారు. కేంద్రం కొంత ఇస్తే రాష్ట్రం కొంత కలపాలి. 1918లో బిల్లుగా మొదలై 1921 నవంబరు 23న షెపర్డ్-టౌనర్ చట్టమైంది. ఏడాదికి 12 లక్షల 40 వేల డాలర్లు కేటాయించారు. అప్పటికి మూడు నెలల ముందే లాత్రప్ పదవి వదిలి, గ్రేస్ అబట్‌కు అప్పగించి వెళ్లారు. ఆ చట్టం కింద దాదాపు 3,000 ప్రసూతి కేంద్రాలు వెలిశాయి, నర్సులు 30 లక్షల సార్లకు పైగా ఇళ్లకు వెళ్లారు. వైద్యుల సంఘం పట్టుబట్టి వ్యతిరేకించడంతో 1929లో నిధులు ఆపేశారు. అమెరికాలో శిశు మరణాల రేటు 1915లో వెయ్యికి సుమారు 100 ఉండగా 1929 నాటికి 68 దగ్గరికి దిగింది. అదంతా ఈ ఒక్క చట్టం వల్లే అనడం న్యాయం కాదు. నీళ్లు, పాలు శుభ్రపడటం కూడా అందులో ఉంది. లాత్రప్ 1932 ఏప్రిల్ 15న సొంత ఊరు రాక్‌ఫర్డ్‌లోనే కన్నుమూశారు.

ఇప్పుడు మన దగ్గర సంగతి. జనన మరణాల నమోదు చట్టం 1969 నుంచి ఉంది. 21 రోజుల్లోపు చెబితే రుసుము లేదు. 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుము, ఏడాదిలోపు అయితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరడం దగ్గర్నుంచి పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే ఆధారం. అయినా మన ఇళ్లలో లెక్క తప్పే చోట్లు మూడున్నాయి. మొదటిది బారసాల. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టి ఆ తర్వాత రాయించుకుందాం అనుకుంటారు, ఆ రోజుతోనే గడువు అయిపోతుంది. పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు, పేరు తర్వాత చేర్చుకోవచ్చు, ఏడాదిలోపు దానికి రుసుము కూడా లేదు. రెండోది పుట్టింటి పురుడు. బిడ్డ పుట్టిన ఊళ్లో నమోదవుతుంది, పెరిగేది అత్తవారి ఊళ్లో. కాబట్టి రిజిస్టరు చూసి ఈ ఊళ్లో ఇంతమంది పుట్టారు, ఇంతమంది పోయారు అని రేటు కడితే తప్పే వస్తుంది. పెద్దాసుపత్రి ఉన్న పట్టణంలో పుట్టుకలు పొంగిపోతాయి, పక్క మండలాల్లో పడిపోతాయి. జాన్స్‌టౌన్ వాళ్లలా తల్లి కాపురముండే ఇంటికి వెళ్లి అడిగితేనే సరైన లెక్క. మూడోది అన్నిటికంటే బాధాకరమైనది: ఇంట్లో కాన్పై నాలుగైదు రోజులకే పోయిన బిడ్డ. ఆ దుఃఖంలో పుట్టుకా రాయించరు, చావూ రాయించరు. ఆ బిడ్డ పుట్టనే లేదన్నట్టు అవుతుంది, ఆ ఊరి లెక్క బాగున్నట్టు కనబడుతుంది.

అందుకే మీకు ఒక విన్నపం. ఇకపై శిశు మరణాల వార్త వేసేటప్పుడు పోయినవాళ్ల సంఖ్యతో పాటు అదే కాలంలో అక్కడి తల్లులకు పుట్టినవాళ్ల సంఖ్యను, ఆ వాడకు నీళ్లు ఎంత దూరం నుంచి వస్తాయన్నది, ఆ ఇంటి రోజు కూలి ఎంతన్నది మీ విలేకరులను అడిగి రాయమనండి. నమోదు గడువులను, పేరు లేకుండా కూడా రాయించవచ్చన్న సంగతిని జిల్లా పేజీల్లో పెద్దక్షరాలతో వేయండి. పల్లెలో అయితే పంచాయతీ కార్యదర్శి దగ్గరికి, ఆసుపత్రి కాన్పయితే డిశ్చార్జి రోజునే అక్కడి నమోదు గుమాస్తా దగ్గరికి వెళ్లి తల్లిదండ్రుల పేర్ల స్పెల్లింగ్ ఆధార్‌తో సరిచూసుకోమని కూడా చెప్పండి. సర్టిఫికెట్ చేతికొచ్చాక దిద్దించుకోవడానికి తిరిగే తిరుగుడు చాలా ఎక్కువ.

ఇట్లు,
విశ్రాంత సోషల్ వర్క్ అధ్యాపకులు కొందరు,
విశాఖపట్నం